కళాశాల మారాలంటే ఏ మార్కులు లెక్కకు వస్తాయి?

గత జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం అంబత్తూరులోని మా ఇంటికి ఒక తండ్రి, ఆయన కుమార్తె వచ్చారు. స్వగ్రామం సత్యవేడు ప్రాంతం. ఆయన అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక లేత్ పట్టడిలో పనిచేస్తూ రెండేళ్ళుగా ఇక్కడే గది తీసుకొని ఉంటున్నారు. కుమార్తె ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ చదివి, ఈఏపీసెట్ వ్రాసి, ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో మొదటి సంవత్సరం పూర్తి చేసింది. ఇకపై కుటుంబమంతా ఇక్కడే ఉండదలచారు. అమ్మాయిని కూడ చెన్నైలోని ఏదైనా కళాశాలలో రెండవ సంవత్సరంలో చేర్పించాలని వారి కోరిక. ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకొని వచ్చిన ర్యాంకు కార్డును బల్లమీద పెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సారూ, మంచి ర్యాంకే గదా, ఇది ఈడ చెల్లదా?"

చెల్లదు. ఆ మాట చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఎందుకు చెల్లదో, మరి ఏది చెల్లుతుందో వివరంగా చెప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఉత్తుకోట, గుమ్మిడిపూండి, పళ్ళిపట్టు, నాగలాపురం, నగరి పరిసర గ్రామాలలో ఇదే ప్రశ్న ఎన్నో ఇళ్ళలో ఉన్నదని తెలుసు కనుక ఆనాటి సంభాషణలోని విషయాలనే ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను.

రెండు రాష్ట్రాలు, రెండు తూకాలు

మన సరిహద్దు కుటుంబాల చిక్కు ఈనాటిది కాదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళగా, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు పరిసర గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అన్న ఒక రాష్ట్రంలో, తమ్ముడు మరొక రాష్ట్రంలో మిగిలిన ఇళ్ళు ఎన్నో. పెళ్ళిళ్ళు, పొలాలు, పండుగలు గీతను లెక్కచేయకుండా సాగిపోయాయి. చదువు విషయానికి వస్తే మాత్రం ఆ గీత గోడ వంటిది.

ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుండి ఇంజనీరింగు సీటుకు ఎంసెట్ అనే ప్రవేశ పరీక్షయే ఆధారం. వైద్య విద్య నీట్ పరిధిలోకి వెళ్ళిపోయిన పిమ్మట, 2021లో దాని పేరు ఈఏపీసెట్‌గా మారింది. ఇంజనీరింగు ప్రశ్నపత్రం 160 మార్కులకు ఉంటుంది: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. కరోనా కాలంలో పక్కన పెట్టిన ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజి 2023లో మళ్ళీ వచ్చింది. తెలంగాణ అదే సంవత్సరం ఆ వెయిటేజిని పూర్తిగా తొలగించింది. అందుచేత ఒక తెలుగు రాష్ట్రపు అనుభవాన్ని మరొక తెలుగు రాష్ట్రానికి అన్వయించుకోవడం కూడ పొరపాటే.

తమిళనాడు మరొక దారిన నడిచింది. ఇక్కడ కూడ 1984 నుండి ప్రవేశ పరీక్ష ఉండేది. కోచింగు కేంద్రాలు లేని పల్లె విద్యార్థులకు అది అన్యాయం చేస్తున్నదనే వాదన బలపడి, 2006లో శాసనసభ ఆ పరీక్షను రద్దు చేసే చట్టాన్ని ఆమోదించింది. 2007 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం లభించడంతో ఆ ఏటి నుండి ప్లస్ టూ మార్కులే ఇంజనీరింగు ప్రవేశానికి ఆధారమయ్యాయి. గణితం 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50, మొత్తం 200. దీనినే మనం 'కటాఫ్' అంటున్నాము. భాషా పత్రాల మార్కులు ఈ 200లో చేరవు. వాటిలో ఉత్తీర్ణులైతే చాలు. తమిళంలో వెనుకబడి ఉన్నామని దిగులుపడే తెలుగు పిల్లలకు ఈ మాట నేను ప్రతి సంవత్సరం చెబుతుంటాను.

ఒకే విద్యార్థిని రెండు తూకాలలో పెట్టి చూద్దాము. ఒక అమ్మాయికి ఇంటర్‌లో గణితంలో 92 శాతం, భౌతికశాస్త్రంలో 84, రసాయనశాస్త్రంలో 88 శాతం వచ్చాయి. ఈఏపీసెట్‌లో 160కి 60 మార్కులు వచ్చాయి. తమిళనాడు లెక్క ప్రకారం 92, 42, 44 కలిపి 178. గౌరవప్రదమైన కటాఫ్. ఆంధ్రప్రదేశ్ లెక్కలో ఈఏపీసెట్ వంతు 75కు సుమారు 28, ఇంటర్ వంతు 25కు సుమారు 22, మొత్తం నూటికి 50 చిల్లర. ఆ 50తో ఎంత ర్యాంకు వస్తుందనేది ఆ సంవత్సరం మిగిలినవారు ఎలా వ్రాశారన్న దానిమీద ఆధారపడుతుంది. ఏకాగ్రతతో ఏడాదంతా చదివిన పిల్లకు ఒక తూకం, మూడు గంటలలో వేగంగా లెక్కలు చేయగలిగిన పిల్లకు మరొక తూకం అనుకూలిస్తాయి. ఏది న్యాయమైనదో తేల్చడం నా ఉద్దేశం కాదు. కాని ప్లస్ వన్‌లో చేర్చేముందు మన పిల్ల ఏ తీరు పిల్లయో తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆంధ్రలో ఇంటర్ చదివినవారి మార్కులను తమిళనాడు ఎలా చూస్తుందని చాలామంది అడుగుతారు. దానికి చట్టంలోనే పద్ధతి చెప్పారు. ఒక్కొక్క బోర్డులో ఒక్కొక్క సబ్జెక్టులో వచ్చిన అత్యధిక మార్కును తమిళనాడు బోర్డు అత్యధిక మార్కుతో సమానంగా భావిస్తారు. తమిళనాడులో అత్యధికం 100, మరొక బోర్డులో అత్యధికం 90 అనుకుంటే, ఆ బోర్డులో 60 తెచ్చుకున్న విద్యార్థి మార్కు ఇక్కడ 66.66 అవుతుంది. ఆంధ్ర ఇంటర్‌లో నూటికి నూరు తెచ్చుకునేవారు ఎప్పుడూ ఉంటారు గనుక, మన పిల్లలకు దీనివల్ల పెద్దగా కలిసివచ్చేది ఉండదు.

చేరిన తరువాత మారడం వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. పైన చెప్పినదంతా మొదటి సంవత్సరపు ప్రవేశానికి సంబంధించినది. ఒక కళాశాలలో ఏడాది చదివిన తరువాత మరొక కళాశాలకు మారాలంటే ఈ ర్యాంకు గాని, ఆ కటాఫ్ గాని దాదాపు ఎందుకూ పనికిరావు.

ఇందులోని తర్కం అర్థమైతే మనసు కుదుటపడుతుంది. ర్యాంకు అనేది ఒక వరుసలో మన స్థానం. ఆ సంవత్సరం, ఆ రాష్ట్రంలో, ఆ సీట్ల కొరకు నిలబడిన వారి వరుస అది. సీట్లు పంచడం ముగిసిన నాడే ఆ వరుస చెదిరిపోయింది. రెండవ సంవత్సరంలో చేర్చుకునే కళాశాల తెలుసుకోవలసినది వేరు: ఈ విద్యార్థిని మొదటి ఏడాదిలో ఏ పాఠాలు చదివింది, ఎన్నింటిలో ఉత్తీర్ణురాలైంది, మా పాఠ్యప్రణాళికకు అవి ఎంతవరకు సరిపోతాయి? వీటికి ర్యాంకు కార్డులో సమాధానం లేదు. సెమిస్టరు మార్కుల జాబితాలోను, సిలబస్ ప్రతిలోను ఉన్నది.

చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలలోని చాలా ఇంజనీరింగు కళాశాలలు అనంతపురం జె.ఎన్.టి.యు.కు అనుబంధమైనవి. చెన్నై చుట్టుపక్కలవి అణ్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. ఒకే విశ్వవిద్యాలయం క్రింద ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు మారడమే సులభం కాదు: కోరిన శాఖలో ఖాళీ ఉండాలి, రెండు కళాశాలల ప్రిన్సిపాళ్ళు నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, పైఅధికారుల అనుమతి రావాలి. రాష్ట్రమూ, విశ్వవిద్యాలయమూ రెండూ మారితే సిలబస్ తేడా వచ్చిపడుతుంది. అక్కడ మొదటి సెమిస్టరులో చెప్పినది ఇక్కడ మూడవ సెమిస్టరులో ఉండవచ్చు. ఇక్కడ ఉన్న పత్రం అక్కడ అసలే ఉండకపోవచ్చు. అనుమతి లభించినా ఆ లోటు పత్రాలను అదనంగా వ్రాయవలసి ఉంటుంది. స్వయంప్రతిపత్తి గల కళాశాల అయితే సిలబస్ మరింత దూరంగా ఉంటుంది. మొదటి ఏడాదిలో ఒక్క పత్రమైనా బకాయి ఉన్నవారి దరఖాస్తు ముందుకు కదలడం నేను చూడలేదు.

విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను భద్రపరచి మరొక సంస్థలో వాడుకొనే వీలు కల్పించడానికి యు.జి.సి. 2021 జులైలో 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' నియమాలను తెచ్చింది. క్రెడిట్లు ఏడేళ్ళ వరకు నిలువ ఉంటాయి. భావన మంచిదే. అయితే ఖాతాలో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన ఎదుటి కళాశాల సీటు ఇవ్వాలనే నిర్బంధం లేదు. 'ఆ బ్యాంకులో ఉంటే ఎక్కడికైనా మారవచ్చు' అని దళారులు చెప్పే మాట నమ్మవద్దు.

వైద్య విద్యలోనైతే పరిస్థితి మరీ కఠినం. నీట్ దేశమంతటికీ ఒకే పరీక్ష గనుక స్కోరు సరిహద్దు దాటుతుందని అనుకుంటారు. ప్రవేశానికి దాటుతుంది. చేరిన తరువాత మారడానికి దాటదు. పూర్వం తగిన కారణం చూపితే మొదటి ఏడాది తరువాత మారే వెసులుబాటు కొంత ఉండేది; 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నియమావళి దానిని మూసివేసింది. దానిమీద కోర్టులలో వ్యాజ్యాలు కూడ నడిచాయి.

అమెరికాలో బంధువులున్న ఇళ్ళలో మరొక మాట వినిపిస్తుంది: 'మా వాడు రెండేళ్ళు చిన్న కాలేజీలో చదివి పెద్ద యూనివర్సిటీకి మారాడు, ఇక్కడ ఎందుకు కుదరదు?' అక్కడ ఆ దారిని వ్యవస్థలోనే నిర్మించారు. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, అక్కడ కూడ మారేటప్పుడు పరీక్ష స్కోరు ప్రాముఖ్యం తగ్గిపోతుంది. కళాశాలలో సంపాదించిన క్రెడిట్లు తక్కువగా ఉన్నవారిని, అంటే సుమారు ఒక ఏడాది చదువుకు లోపు ఉన్నవారిని, కొన్ని విశ్వవిద్యాలయాలు శాట్ స్కోరు, హైస్కూలు మార్కులు అడుగుతాయి. అంతకు మించితే కళాశాల గ్రేడ్లనే చూస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2020లో తీసుకున్న నిర్ణయంతో ఆరంభించి, ఇప్పుడు ప్రవేశానికి శాట్‌ను అసలే చూడడం లేదు. మాసచూసెట్స్ సాంకేతిక సంస్థ 2022లో దానిని తిరిగి తెచ్చింది. దేశం ఏదైనా, చేరిన తరువాత మాట్లాడేది తరగతి గదిలో తెచ్చుకున్న మార్కే.

సరిహద్దు కుటుంబాలు జారిపడే చోటు

ఇంతవరకు చెప్పినది ఇప్పటికే కళాశాలలో ఉన్నవారి సంగతి. ఇంతకంటె ముఖ్యమైనది పదవ తరగతి తరువాత జరిగే మార్పు. దీనిలోనే ఎక్కువ నష్టం జరుగుతున్నది, అదీ ఎవరూ గమనించకుండా.

అంబత్తూరు, ఆవడి ప్రాంతాలలో పదవ తరగతి చదివిన తెలుగు పిల్లలను నెల్లూరు, తిరుపతి హాస్టలు కళాశాలలలో ఇంటర్‌కు చేర్చడం పరిపాటి. ఈఏపీసెట్, జేఈఈ శిక్షణ అక్కడ బాగుంటుందని కారణం. అటునుండి ఇటు ప్లస్ టూకు వచ్చేవారూ ఉన్నారు. ఈ రెండు సంవత్సరాల మార్పు స్థానికతను ఎలా తాకుతుందో చూడండి.

తమిళనాడు ఇంజనీరింగు కౌన్సెలింగులో 8 నుండి 12 వరకు అయిదు తరగతులు ఈ రాష్ట్రంలోనే చదివినవారికి నేటివిటీ సర్టిఫికెట్ అక్కరలేదు. మధ్యలో రెండేళ్ళు ఆంధ్రలో చదివితే తాసిల్దారు కార్యాలయం నుండి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తిరుత్తణి వంటి చోట్ల తాత తండ్రుల నాటి నుండి ఉన్నవారికి ఇది లభిస్తుంది. పని కొరకు ఇటీవల వచ్చినవారికి కష్టం. కుల ధ్రువపత్రం విషయమూ అంతే: ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన పత్రంతో తమిళనాడు రిజర్వేషను రాదు, 8 నుండి 12 ఇక్కడే చదివినా, ఇతర రాష్ట్రాల మూలం గలవారిని జనరల్ కోటాలోనే పరిగణిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు జిల్లాలవారికి స్థానిక ప్రాంతం అంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు, అంటే 9 నుండి ఇంటర్ రెండవ ఏడాది వరకు, ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది మూల నియమం. అంబత్తూరులో పదవ తరగతి చదివి నెల్లూరులో ఇంటర్ పూర్తిచేసిన పిల్లవాడికి అక్కడ లెక్కకు వచ్చేవి రెండేళ్ళే. మిగిలిన 15 శాతంలో, అదీ తల్లిదండ్రులలో ఒకరు ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ళు నివసించి ఉన్నట్లు చూపగలిగితేనే, పోటీపడాలి. అంటే ర్యాంకు బాగున్నా, అదే ర్యాంకు గల స్థానిక విద్యార్థికి వచ్చే సీటు ఇతనికి రాదు. ఇటు నేటివిటీ లేదు, అటు స్థానికత లేదు. రెండు పడవలలో కాలు పెట్టిన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

జేఈఈ వ్రాసి ఎన్.ఐ.టి.లో చేరదలచినవారు మరొక సంగతి తెలుసుకోవాలి. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రంవారికి. సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, రేషను కార్డు ఉన్న ఊరు కాదు. పన్నెండవ తరగతి ఎక్కడ ఉత్తీర్ణులయ్యారో ఆ రాష్ట్రం. అంబత్తూరులో పుట్టి పెరిగిన పిల్ల నెల్లూరులో ఇంటర్ చదివితే తిరుచ్చి ఎన్.ఐ.టి.కి పరాయిది, తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.కి సొంతం అవుతుంది. ఇది లాభమో నష్టమో ఆ ఏటి సీట్లను బట్టి ఉంటుంది. ముందుగా తెలిసి ఉండడం ముఖ్యం.

ప్రభుత్వ పాఠశాలల పిల్లలు పోగొట్టుకునేది మరింత పెద్దది. 6 నుండి 12 వరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 2020లో వైద్యవిద్యలోను, 2021లో ఇంజనీరింగులోను 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు ఇచ్చారు; ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. కూలిపని చేసుకునే మన కుటుంబాలకు ఇంతకు మించిన తలుపు లేదు. పదవ తరగతి తరువాత హాస్టలుకు అప్పుచేసి పంపిన తల్లిదండ్రులు, ఉచితంగా దొరికే ఆ అవకాశాన్ని తమ చేతులతోనే వదులుకున్న సంగతి రెండేళ్ళ తరువాత తెలుసుకోవడం నేను రెండు ఇళ్ళలో చూశాను.

దాటడానికి అనువైన రేవులు

సరిహద్దు దాటకూడదని నా మాట కాదు. నదిని ఎక్కడపడితే అక్కడ దాటము, రేవు దగ్గర దాటుతాము. చదువులోను అటువంటి రేవులు ఉన్నాయి.

మొదటిది డిప్లొమా. తమిళనాడులో పదవ తరగతి మార్కులతోనే పాలిటెక్నిక్‌లో సీటు వస్తుంది. ఆంధ్రలో పాలిసెట్ వ్రాయాలి. మూడేళ్ళ డిప్లొమా తరువాత బి.ఇ. లేదా బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. దీనినే లాటరల్ ఎంట్రీ అంటారు. ఇక్కడ కూడ తూకాలు వేరు: తమిళనాడులో డిప్లొమా మార్కులే చూస్తారు, ఆంధ్రలో 200 మార్కుల ఈసెట్ ర్యాంకు కావాలి. ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు హక్కుగా, కౌన్సెలింగు ద్వారా, దళారి లేకుండా మారే దారి మన వ్యవస్థలో దాదాపు ఇది ఒక్కటే. 'డిప్లొమానా' అని ముఖం చిట్లించే పెద్దలను చూస్తే నాకు విచారం కలుగుతుంది. పారిశ్రామికవాడ ప్రక్కనే ఉన్న అంబత్తూరులో ఆ మాట అసలే తగదు.

రెండవది డిగ్రీ పూర్తయిన తరువాత. గేట్ స్కోరు దేశమంతటా చెల్లుతుంది, మూడేళ్ళు నిలుస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుండి సీయూఈటీ ఉన్నది. డిగ్రీ స్థాయి పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చు. అనంతపురంలోని విశ్వవిద్యాలయానికైనా తిరువారూరులోని దానికైనా అదే స్కోరు. నాలుగేళ్ళు ఉన్నచోట చదివి, పై చదువుకు రాష్ట్రం మారితే ఏ పత్రమూ వృథా కాదు.

మూడవది మొదటి నుండి ఆరంభించడం. ఒక ఏడాది పోతుంది గాని దారి శుభ్రంగా ఉంటుంది. తమిళనాడు కౌన్సెలింగుకు పాత ఇంటర్ మార్కులు పనికివస్తాయి, నేటివిటీ ఉంటే. ఇలా బయటికి వచ్చేటప్పుడు కళాశాలవారు అసలు సర్టిఫికెట్లు పట్టుకొని మిగిలిన మూడేళ్ళ ఫీజు అడగడం కద్దు. అసలు పత్రాలను ఏ సంస్థా తన వద్ద ఉంచుకోరాదని 2018 అక్టోబరులో యు.జి.సి. స్పష్టంగా ప్రకటించింది. నోటితో అడగకుండా లిఖితపూర్వకంగా, ఆ ప్రకటన ప్రతిని జతచేసి అడగండి. తీసుకున్నట్లు సంతకం చేయించుకోండి. టి.సి.తోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్, సెమిస్టరు మార్కుల జాబితాలు, ప్రిన్సిపాలు ముద్రతో సిలబస్ ప్రతి తెచ్చుకోవడం మరువవద్దు. ఈ చివరిది చాలామంది మరచి మళ్ళీ బస్సెక్కుతారు.

నిబంధనలు ఏటేటా కొంత మారుతుంటాయి గనుక ఆ సంవత్సరపు నోటిఫికేషను పుస్తకాన్ని తప్పక చదవాలి. తమిళం చదవలేనివారు, ఆంగ్లం అర్థం కానివారు దగ్గరలోని ఏ ఉపాధ్యాయుని అడిగినా చదివి చెబుతారు. అందుకు రుసుము అడిగేవారి వద్దకు వెళ్ళవలసిన పని లేదు.

ఆనాటి తండ్రీ కూతుళ్ళ సంగతి. అమ్మాయి మార్కుల జాబితాలు తిరగవేశాము. ఒక పత్రం బకాయి ఉన్నది. తమిళనాడు నేటివిటీ లేదు. చెన్నైలో ఒక కళాశాల రెండవ ఏడాది సీటు ఇస్తామన్నదట, డొనేషను అడిగి. ఆ సీటుకు విశ్వవిద్యాలయ అనుమతి ఉత్తర్వు చూపమని అడగండి అన్నాను. చూపలేదు. ర్యాంకు కార్డును ఆయన మళ్ళీ కవరులో పెట్టుకున్నారు. "పోనీలే నాయనా, నేనే వచ్చిపోతా ఉంటా" అని కుమార్తెతో అన్నారు. ఆమె పాత కళాశాలలోనే మూడవ సెమిస్టరులో చేరింది, బకాయి పత్రం పూర్తి చేసింది. గేట్ పుస్తకాలు ఎప్పటినుండి మొదలుపెట్టాలని మొన్న ఫోనులో అడిగింది. తండ్రి శనివారం సాయంత్రం షిఫ్టు ముగించుకొని మాధవరం వెళ్ళి ఆంధ్రా బస్సు ఎక్కుతున్నారు.